మూడు వందల మీటర్ల పనికి ఆరు వందల మీటర్ల తుపాకీ

హైదరాబాద్ శివారు బుద్వేల్‌కు పడమటి దిక్కున, హిమాయత్‌సాగర్ సమీపంలో 1986లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ, రాష్ట్ర విభజన తరువాత, ఒకప్పటి హైదరాబాద్ నగర కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరుతో తెలంగాణ పోలీస్ అకాడమీగా మారింది. పాత పేరులోని పొడి అక్షరాలు మాత్రం అప్పా జంక్షన్‌గా జనం నాలుక మీద నిలిచిపోయాయి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసుల చేతిలో దశాబ్దాలుగా ఉన్న తుపాకీని కూడా జనం పొడి అక్షరాలతోనే ఎరుగుదురు. అది ఎస్.ఎల్.ఆర్., అనగా సెల్ఫ్ లోడింగ్ రైఫిల్.

దీని విలువ తెలియాలంటే అంతకు ముందు పోలీసుల దగ్గర ఏముండేదో చూడాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడి చేసి 26 తుపాకులను పట్టుకుపోయిందనీ, తీసుకున్న వాటి జాబితాను రాజు స్వయంగా ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడనీ చరిత్ర చెబుతుంది. వలస పాలకులు దేశీయ పోలీసుకు మంచి తుపాకీ ఇవ్వడానికి ఎప్పుడూ జంకారు. ఇషాపూర్ కర్మాగారంలో త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్ నమూనాలోనే తయారైన .410 మస్కట్ ఆ జంకుకు రుజువు: గొట్టం లోపల తూటాను తిప్పి దాని దారిని నిలకడగా ఉంచే మర గాడులు అందులో ఉండవు కనుక, దూరం పెరిగేకొద్దీ గురి నమ్మదగింది కాదు. నిజాం రాజ్యంలో 1946 నుంచి సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో రైతు దళాలు మొదట్లో పట్టిన భర్మార్లు, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే నాటు తుపాకులు, ఇంకా వెనుకటి కాలానివి.

త్రీ నాట్ త్రీ మాత్రం ఆ మస్కట్‌కు భిన్నమైన గట్టి తుపాకీయే. పది తూటాల మ్యాగజైనుతో, బాగా తర్ఫీదైన సిపాయి నిమిషానికి పదిహేను గుళ్లు గురిచూసి కాల్చగలిగేవాడు. అయితే ప్రతి గుండు తరువాత బోల్టు పిడిని చేత్తో ఎత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాలి. ఆ కదలికలో గురి చెదరకుండా ఉండటం అందరికీ సాధ్యం కాదు. 1962లో చైనా సరిహద్దు యుద్ధంలో, తనంతట తాను తూటా నింపుకునే తుపాకుల ముందు భారత సిపాయి ఈ బోల్టు తుపాకీతోనే నిలబడవలసి వచ్చింది.

ఆ యుద్ధం తరువాత ఇషాపూర్‌లో, బెల్జియం రూపొందించిన ఫాల్ తుపాకీ నమూనాలో, 1ఎ1 అనే పేరుతో ఎస్.ఎల్.ఆర్. తయారీ మొదలైంది. గుండు గొట్టంలో పరుగెడుతుండగా దాని వెనుక ఉన్న వేడి వాయువులో కొంత చిన్న రంధ్రం గుండా పైకి వచ్చి ఒక పిస్టన్‌ను తోస్తుంది, ఆ తోపుకు బోల్టు వెనక్కి జరిగి ఖాళీ తొడుగును బయటకు విసిరి, స్ప్రింగు బలంతో తిరిగి వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. మళ్లీ పేలాలంటే మీట మళ్లీ నొక్కవలసిందే. సెమీ ఆటోమేటిక్ అంటే ఇదే. దీని పూర్తి ఆటోమేటిక్ రూపం 1సి, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే బి.ఎం.పి. యుద్ధ శకటాల లోపలి నుంచి కాల్చడానికి ఉద్దేశించింది.

ఇక దూరం సంగతి. సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో బయలుదేరే 7.62 మిల్లీమీటర్ల గుండు, 200 మీటర్లకు గురి సరిచేసిన తుపాకీ నుంచి 300 మీటర్ల దగ్గర సుమారు జానెడు మాత్రమే కిందికి దిగుతుంది. వెనుక గురిపలక మీద 600 వరకు అంకెలున్నాయి. సాధారణ సిపాయి కంటికి అంత దూరాన మనిషి ఆకారం చిన్న గీతలా కనిపిస్తుంది కనుక చివరి అంకెలు అలంకారమేనని చెప్పినా తప్పులేదు. ఇరవై తూటాల మ్యాగజైను, సుమారు నాలుగున్నర కిలోల బరువు, భుజాన్ని గట్టిగా తన్నే వెనుదెబ్బ. పొట్టివారికీ, కొత్తగా చేరినవారికీ ఇది సులువైన తుపాకీ కాదు.

అయినా ప్రభుత్వాల దృష్టిలో ఇది చవక. స్వదేశంలోనే తయారైన తుపాకీ ఇది. సైన్యం 1990లలో తేలికైన 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్‌కు మారడం మొదలుపెట్టాక పాత ఎస్.ఎల్.ఆర్.లు పోలీసు బలగాలకు కొత్త ఆయుధాలుగా ఉపయోగపడ్డాయి. అసలు భారం తూటాలో ఉంది. 7.62 తూటా సుమారు 24 గ్రాములు, 5.56 తూటా అందులో సగం. అదే బరువుకు రెట్టింపు తూటాలు మోయవచ్చు.

పోలీసు పనికి ఇది తగిన తుపాకీ అనుకోవడం మాత్రం కష్టం. అడవిలో ఎదురుకాల్పులు ఎక్కువగా దగ్గరి దూరాల్లోనే జరుగుతాయి, అక్కడ పొడవాటి తుపాకీ కొమ్మలకు తగులుతుంది. ఊళ్లో గురి తప్పిన గుండు మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు; శివారు భూములు వేలంలో అమ్ముడై అంతస్తులుగా లేస్తున్న బుద్వేల్ వంటి చోట ఆ దూరం చిన్న విషయం కాదు. నక్సలైట్లను ఎదుర్కోవడానికి ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్. వ్యాస్ 1989లో నెలకొల్పిన గ్రేహౌండ్స్, ఆ తరువాత పొట్టిదైన ఏకే 47 వైపు మొగ్గడంలో వింత లేదు. ఎదుటి పక్షానికి మాత్రం ఎస్.ఎల్.ఆర్. ఎప్పుడూ విలువైనదే: లొంగుబాట్ల వార్తల్లో ఆయుధాల జాబితా చదివితే, భర్మారుకూ త్రీ నాట్ త్రీకీ పైన, ఏకేకు కింద దాని స్థానం కనిపిస్తుంది. వారి ఎస్.ఎల్.ఆర్.లలో చాలా భాగం పోలీసుల నుంచి ఎత్తుకుపోయినవే.

సైనికుడికి ఎస్.ఎల్.ఆర్. మంచి తుపాకీ, పోలీసుకు అందుబాటులో ఉన్న తుపాకీ. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినాన; దాని స్థానంలోకి తెచ్చినవి ఇన్సాస్, ఎస్.ఎల్.ఆర్.లు.