చేతొడుగు చదివింది అక్షరాలనే

సంజ్ఞాభాషను అక్షరాల్లోకి మార్చే చేతొడుగు బధిరుల కోసమే పుట్టిందని, సెన్సర్లు మెరుగైనకొద్దీ భాషకు దగ్గరైందని తరచూ చదువుతుంటాం. ఈ కథలో మొదటి మాటే నిలవదు. 1977లో షికాగోలో డిఫాంటి, శాండిన్‌లు చేసిన సేయర్ గ్లవ్‌లో వేళ్ల వెంట మెత్తటి గొట్టాలుండేవి. వేలు వంగితే గొట్టంలో వెలుగు తగ్గేది. ఆ తొడుగు పని కంప్యూటర్ బొమ్మలను ఆడించడం.

అసలు పేచీ 1983 దగ్గర. ఆ ఏడాది బెల్ ల్యాబ్స్‌లోని గ్యారీ గ్రైమ్స్ పేటెంట్ పొందిన తొడుగునే తొలి సంజ్ఞానువాద యంత్రమంటారు. పూర్తిగా తప్పనలేం, అమెరికన్ బధిరుల ఒంటిచేతి అక్షరమాలే దానికి ఆధారం. అయితే పేటెంట్ శీర్షికలో కనిపించేది ‘డేటా ఎంట్రీ’. దాని సర్క్యూట్ గుర్తుపట్టే 80 సెన్సర్ కలయికలూ టైపు అక్షరాలకే. కీబోర్డు బదులు చెయ్యి, అంతే. అర్థాన్ని చేతి ఆకారం ఒక్కటే మోయదని, స్థానం, కదలిక కూడా మోస్తాయని భాషాశాస్త్రజ్ఞుడు విలియం స్టోకీ 1960లోనే చూపించాడు. ఆ మాట ఇంజినీర్ల చెవిన పడినట్టు లేదు. పేర్లకూ కొత్త పదాలకూ వాడే అక్షరాల కూర్పునే భాషగా లెక్కగట్టడం అలా అలవాటైంది.

స్టాన్‌ఫర్డ్‌లో క్రేమర్, లైఫర్‌లు 1980ల చివర్లో చేసిన టాకింగ్ గ్లవ్‌ను మాత్రం ఇదే గాటన కట్టలేను. అదీ అక్షరాలు దాటలేదు గానీ, ఎదుటివారి జవాబు బధిరులకు చేరే దారి కూడా చూసింది. తర్వాతివాళ్లలో చాలామంది ఆ దారే వదిలేశారు.

ఆపైన బహుమతుల కాలం. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల సైన్‌అలౌడ్‌కు లెమెల్సన్-ఎంఐటీ బహుమతి రాగా, అక్కడి సంజ్ఞాభాషా బోధకులూ భాషాశాస్త్రజ్ఞులే దాన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. 2020లో యూసీఎల్ఏ బృందం 660 సంజ్ఞా నమూనాలను 98.63 శాతం వరకు కచ్చితత్వంతో గుర్తించామంది. నన్ను ఆకట్టుకున్నది ఆ శాతం కాదు, కనుబొమల మధ్యా నోటి పక్కనా వాళ్లు అతికించిన సెన్సర్లు. తొడుగు చాలదని తొడుగు చేసినవాళ్లే ఒప్పుకున్నట్టు! అయినా విడి సంజ్ఞను పట్టడం వేరు, మాటల వరదలో వాక్యాన్ని పట్టడం వేరు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఫ్లెక్స్ సెన్సర్లు, ఆర్డ్యునో బోర్డుతో ఇలాంటి తొడుగులు తయారవుతూనే ఉంటాయి. కానీ భారతీయ సంజ్ఞాభాషకు సొంత వ్యాకరణం ఉంది, అందులో ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలు కూర్చడానికి కూడా రెండు చేతులూ కావాలి. ప్రాజెక్టు బల్ల మీద చూస్తే తరచూ కనిపించేది ఒక్క తొడుగే.