గళ్ళలో ఇంటిపేరు

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి ఆపిల్ టూ కోసం విజికాల్క్ తెచ్చినప్పుడు గడిలో మాట రాసుకోవచ్చు గానీ, ఆ మాటతో చేయగలిగిందేమీ లేదు. లెక్కంతా అంకెలదే. మాటలు పైన శీర్షికలుగా కూర్చునేవి, అంతే. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 కూడా మొదట్లో అలాంటిదే. మాటని వెతికే ఫైండ్, ముక్క కోసే లెఫ్ట్, మిడ్ లాంటివి 1985లో దాని రెండో విడుదలలో చేరాయి. లోటస్‌లో మొదటి అక్షరం స్థానం సున్నా. అదే ఏడు మాకింటాష్ మీద పుట్టిన ఎక్సెల్‌లో ఒకటి. ఒకదాన్నుంచి రెండోదానికి మారినవాళ్ళని ఈ ఒక్క అంకె ఎంత ఏడిపించి ఉంటుందో ఊహించుకోండి.

ఎక్సెల్‌లో ఫైండ్‌తో పాటు సెర్చ్ కూడా ఉంది. ఫైండ్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం పట్టింపు ఉంది, సెర్చ్‌కి లేదు. పైగా సెర్చ్‌కి నక్షత్రం గుర్తు అర్థమవుతుంది. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లీషులో ఒకరు కెఎస్‌హెచ్‌తో, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు కదా, మధ్యలో నక్షత్రం పెడితే ఇద్దరూ దొరుకుతారు.

అసలు తంటా ఇంకోచోట ఉంది. ఆఫీసుల్లో అందరూ నేర్చుకునే సూత్రం: మొదటి ఖాళీని ఫైండ్‌తో పట్టుకో, దానికి ఎడమవైపున్నది ఫస్ట్ నేమ్. టంగుటూరి ప్రకాశం గారిని ఆ గడిలో పెట్టి చూడండి, "డియర్ టంగుటూరి" అని ఉత్తరం తయారవుతుంది! ఖాళీయే లేని ఒంటి పేరయితే గడిలో ఎర్రర్ వస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (అంటే ఫస్ట్ నేమ్ తెలియదు అని) అచ్చయి, బ్యాంకులో, లైసెన్సు కౌంటర్లో "మిస్టర్ ఫ్నూ" అనిపించుకున్న మనవాళ్ళు ఎందరో. ఫైండ్‌ని తిట్టి లాభం లేదు, అది చెప్పింది చేసింది. పేరు ముందు, ఇంటిపేరు వెనక అన్న నమ్మకం సూత్రం రాసినవాడిది. అందుకే ఇక్కడ చాండ్లర్‌లో సంక్రాంతి పిలుపుల జాబితా నా చేతికొచ్చినప్పుడు ఫస్ట్, లాస్ట్ తీసేసి ఇంటిపేరు, పేరు, పిలిచే పేరు అని మూడు నిలువు వరసలు పెట్టాను.

మరి తెలుగులోనే రాసుకుంటే? 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే మన లిపికి చోటుంది; విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. కానీ ఎక్సెల్ అక్షరాలు లెక్కపెట్టే తీరు మన బళ్ళో నేర్పింది కాదు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు: స, త, ర, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. "రమ్య"లో "రమ" ఉందా అని ఫైండ్‌ని అడగండి, ఒకటో స్థానంలో ఉందంటుంది. మకారం కింద యకారం వత్తు ఉన్నా, దానికి ముందు మ, తర్వాతే పొల్లు. అందుకని పేరుకి రెండు పక్కలా ఖాళీ అతికించి, వెతికే మాటకీ అలాగే అతికించి అడుగుతాను. అప్పుడు రమ ఒక్కతే దొరుకుతుంది. రమ్య, రమణ పక్కకి తప్పుకుంటారు.