మన పిల్లలు వినే చరిత్ర

ఉగాదినాడు మన సంవత్సరం వినికిడితో మొదలవుతుంది. పచ్చడి నోట వేసుకొన్న తరువాత అందరమూ పంచాంగశ్రవణానికి కూర్చుంటాము. ఇంటిలో పంచాంగం చదువగలవారు పదిమంది ఉన్నా సరే, ఒకరు చదవాలి, తక్కినవారు వినాలి. పెద్దలు చెవికి ఎంత విలువ ఇచ్చారో ఈ ఆచారమే చెబుతున్నది. పిల్లలకు చరిత్రను వినిపించడం అనే విషయాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయడానికి ఇంతకంటె మంచి సమయం లేదని మేము తలచాము.

మన జాతికి చరిత్ర చాలాకాలం చెవిద్వారానే అందింది. పల్నాటి వీరుల కథ అక్షరం రానివారికి కూడా కంఠస్థమయింది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని పుస్తకంలో చదివినవారికంటె పాటగా విన్నవారే ఎక్కువ. ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథకు, షేక్ నాజరు బుర్రకథకు ఊళ్లకు ఊళ్లే తరలివచ్చేవి. తండ్రి భుజాలమీద కూర్చుని విన్న పిల్లవాడు మరునాడు వీధిలో కట్టెకత్తి పట్టుకొని తాండ్ర పాపారాయడు అయ్యేవాడు. ఐతే ఆ కథకుడు మళ్లీ ఆ ఊరికి ఎప్పుడు వస్తాడో తెలియదు. మన ప్రాంతం విడిచి దూరదేశాలలో స్థిరపడినవారికి ఆ భాగ్యం మరింత అరుదు.

ఆ కొరతను కొంతవరకు రేడియో తీర్చింది. ఆ రేడియో చరిత్ర మన చెన్నపట్టణంతోనే ముడిపడి ఉన్నది. 1924లో సి.వి. కృష్ణస్వామి శెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఇక్కడ ప్రసారాలు ప్రారంభించింది. డబ్బు చాలక 1927లో అది మూతపడగా, ఆ యంత్రాన్ని పుచ్చుకొని 1930 నుండి నగర కార్పొరేషన్ ప్రసారాలు సాగించింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వెలిసింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెరిచేవరకు, పదేళ్లకు పైగా, కోస్తా జిల్లాలవారికీ రాయలసీమవారికీ ఆలిండియా రేడియో తెలుగు మాట మద్రాసు నుండే వెళ్లింది. ఆ సంగతి నేడు మనలోనే చాలామందికి గుర్తులేదు.

ఆ మద్రాసు కేంద్రంలో పిల్లల కార్యక్రమానికి ప్రాణం పోసినవారు న్యాయపతి రాఘవరావుగారు, వారి సతీమణి కామేశ్వరిగారు. రాఘవరావుగారు 1905లో బరంపురంలో జన్మించారు. అంటే వారు పుట్టింది నేటి ఒడిశాలో, పేరు తెచ్చుకొన్నది నేటి తమిళనాడులో. మనవంటి ప్రవాసాంధ్రుల బిడ్డ అని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. పిల్లలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచారు. అన్నయ్య కథ చెబితే తమ్ముడు మధ్యలో ప్రశ్న వేయవచ్చు, నవ్వవచ్చు, “అది కాదు, ఇట్లా” అని దిద్దనూ వచ్చు. ఆ వరుసలోనే వారి పద్ధతి అంతా ఉన్నది.

ఆ పద్ధతి ఏమిటంటే, పిల్లవాణ్ణి కేవలం శ్రోతగా కూర్చోబెట్టక మైకు ముందుకు తేవడం. పాట పిల్లలదే, నాటిక పిల్లలదే, పొడుపుకథ పిల్లలదే. ఈ దంపతులు 1945లో “బాల” అనే మాసపత్రికను కూడా ప్రారంభించారు. ముళ్లపూడి వెంకటరమణగారి మొదటి కథ అచ్చయింది ఆ పత్రికలోనే, అదీ వారు బాలుడుగా ఉన్నప్పుడే. మాట్లాడనిచ్చిన చోట పిల్లవాడు ఎంతవాడు కాగలడో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అన్నయ్య, అక్కయ్య హైదరాబాదుకు తరలి, అక్కడ బాలానందం కార్యక్రమాన్ని తరతరాల పిల్లలకు ప్రియమైనదిగా చేశారు. 1980లో అక్కయ్య, 1984లో అన్నయ్య కీర్తిశేషులయ్యారు.

రాష్ట్రాలు వేరుపడడం న్యాయమే, అవసరమే. దానికోసం పొట్టి శ్రీరాములుగారు ఈ నగరంలోనే, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి ఇంటిలో 1952 డిసెంబరు 15న ప్రాణాలర్పించారు. కాని ఇక్కడ మిగిలిపోయిన పిల్లలకు మాత్రం అన్నయ్య గొంతు దూరమయింది. పైగా ఆ కాలపు కార్యక్రమాలలో చాలాభాగం అప్పటికప్పుడు ప్రసారమై గాలిలో కలిసిపోయినవి. మళ్లీ విందామంటే దొరకవు.

ఇప్పుడు కాలం మరొక మలుపు తిరిగింది. 2004 ప్రాంతంలో పాడ్‌కాస్టు అనే మాట పుట్టింది. శబ్దాన్ని పట్టి ఉంచి, ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినగల ఏర్పాటు ఇది. ప్రసారశాల అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, చేతిఫోను చాలు. రాజుల కథలు, స్వాతంత్ర్యవీరుల కథలు, శాస్త్రజ్ఞుల కథలు పిల్లలకోసం చెప్పేవారు తెలుగులోనూ బయలుదేరారు. ఇది మనకు ఇతరులకంటె ఎక్కువ మేలు చేయగలదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటో తరగతి మొదలుకొని క్రమక్రమంగా తమిళం నిర్బంధమయింది. తమిళం మన పిల్లలకు అన్నం పెట్టే భాష, దానిని వారు చక్కగా నేర్వవలసిందే. ఐతే తెలుగు మాట్లాడుతూ తెలుగు చదువలేని పిల్లలు ఇంటింటా ఉన్నారన్నది కూడా నిజం. అటువంటి బిడ్డకు తెలుగులో చరిత్ర చేరడానికి చెవి ఒక్కటే దారి.

ఇక్కడే మాకు ఒక విషయం మనసున గ్రుచ్చుకొన్నది. మా సంఘం ఆదివారపు తరగతిలో పదేళ్ల పాపను, “మీ అవ్వ చెప్పిన కథ ఒకటి చెప్పమ్మా” అని అడిగాము. ఫోనులో విన్న కృష్ణదేవరాయల కథను తడుముకోకుండా చెప్పిన పిల్ల, ఈ మాటకు తల వంచుకొన్నది. కొంతసేపటికి, “మా అవ్వది సరియైన తెలుగు కాదండీ. ఫోనులో వచ్చేది సరియైన తెలుగు” అన్నది. ఆ అవ్వ “వాన వస్తా ఉండాది” అంటుంది. ఆమె ముత్తాతల కాలం నుండి ఆ ఇంటిలో నిలిచిన తెలుగు అది. మూడు నాలుగు వందల ఏండ్లుగా పరభాషల నడుమ చెక్కుచెదరని మాటను, ఒక చిన్న పెట్టెలోని గొంతు విని, ఆ ఇంటి బిడ్డే తప్పు అనుకొన్నది. దోషం ఆ గొంతుది కాదు. ఆ పెట్టెలో మన గొంతు లేకపోవడమే దోషం.

మన ఇండ్లలోని కథలు అంత తక్కువవా? కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగు మాతృభాషగా గల కుటుంబంలోనివారు. తెలుగుదేశం నుండి ప్రాణభయంతో, మానభయంతో దక్షిణానికి తరలివచ్చిన కుటుంబాల కథను వారు “గోపల్ల గ్రామం” అనే నవలగా 1976లో వెలువరించారు. ఆ నవలలో వలసకథను చెప్పేది ఒక ముదుసలి అవ్వ, పేరు మంగత్తాయారు. దాని తరువాయిగా వ్రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. అవ్వలు తెలుగులో చెప్పుకొన్న కథ తమిళంలో అచ్చయింది. తమిళులు దానిని నెత్తిన పెట్టుకొన్నారు. ఆ కథే మన పిల్లల చెవిన తెలుగులో పడకపోవడం మాత్రం మన లోపం.

ఆ కథలో ఒక ఘట్టం ఉన్నది. వెంటతరిమే శత్రువులు వెనుక, పొంగే ఏరు ముందు. అప్పుడు ఒడ్డుననున్న చెట్టు వంగి వంతెన అయి వారిని దాటించిందట. పిల్లలకు ఇటువంటిది చెప్పేటప్పుడు ఒక నియమం పాటించాలని మా అభిప్రాయం. తెలుగువారు దక్షిణానికి వలసవచ్చిన మాట చరిత్ర. చెట్టు వంగిన మాట నమ్మకం. చెట్టును కథలోనుండి నరికివేయనక్కరలేదు. “ఇది జరిగింది, ఇది మనవారు చెప్పుకొనేది” అని విడదీసి చెబితే చాలు. చదివే పిల్లవాడు వెనుకకు తిప్పి చూసుకొంటాడు. వినే పిల్లవాడు గొంతును నమ్మి ముందుకు పోతాడు. అందుచేత చెప్పేవారి బాధ్యత వ్రాసేవారి బాధ్యతకంటె పెద్దది.

చెప్పదలచుకొంటే వస్తువుకు కొదవలేదు. మధురలో తిరుమల నాయకుని మహలు ముందు ఆడుకొనే తెలుగుబిడ్డకు, దానిని కట్టించినవాడు 1623 నుండి 1659 వరకు ఏలినవాడని, అతడూ తెలుగువాడేనని ఎవరు చెబుతారు? తంజావూరి సరస్వతీమహలులోని తెలుగు తాటాకు గ్రంథాలను గురించి, తిరువయ్యారులో త్యాగరాజస్వామి తెలుగులో పాడుకొన్న దినాలను గురించి, 1844లో ఈ నగరంలో “క్రెసెంట్” పత్రికను నడిపిన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారిని గురించి పది నిమిషాల కథలు చెప్పలేమా? హైదరాబాదు నుండో అమెరికా నుండో ఎవరో వచ్చి ఇవి చెప్పాలని ఎదురుచూడడం తగదు.

కాబట్టి ఈ ఉగాదికి మా మనవి ఇది. మన సంఘాలలో ప్రతి ఒక్కటీ ముగ్గురు నలుగురు పిల్లలను ఒక పెద్దవారి ముందు కూర్చోబెట్టాలి. ప్రశ్నలు పిల్లలే వేయాలి. ఏ ఊరినుండి వచ్చాము, ఏ నాటివారము, ఏ దేవుణ్ణి వెంటతెచ్చుకొన్నాము, ఏ పాటకు నిదురపోయాము? అవ్వ తన మాటలోనే చెప్పాలి, ఎవరూ దిద్దరాదు. దానిని ఫోనులో పట్టి, తేదీ, ఊరు, పేరు చేర్చి భద్రపరచాలి. తరువాత ఆ కథను పిల్లలే మరల తమ గొంతుతో చెప్పి తోటి పిల్లలకు వినిపించాలి. రేడియో అన్నయ్య ఈ నగరంలో చూపిన దారి ఇదే.

పైన చెప్పిన పాప మొన్నటి తరగతికి అవ్వను వెంటబెట్టుకొని వచ్చింది. అవ్వ మొదట సిగ్గుపడ్డది, తరువాత గంటసేపు ఆగలేదు. మధ్యలో ఒకచోట అవ్వ పేరు మరచిపోతే అందించింది ఆ పాపే. ఆమె ఆ కథను ఎప్పుడో విన్నదన్నమాట! చెప్పమని అడిగినవారు లేక ఊరుకొన్నది, అంతే.

పంచాంగం విన్న చెవులతో ఈ ఏడు మన ఇంటి కథలు కూడా విందాము. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.