శూర్పణఖకి ముక్కు, చెవులే ఎందుకు కోశారు?

అమ్మాయి తనే ముందు ప్రపోజ్ చేస్తే "శూర్పణఖ రా బాబూ" అని నవ్వే బ్యాచ్ మీ కాలేజీలోనూ ఉండే ఉంటుంది. శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్లున్నది అని అర్థం. కానీ మనకి గుర్తుండిపోయింది గోళ్లు కాదు, ముక్కు. ఈ ఎపిసోడ్ ఆ ముక్కు గురించే.

వాల్మీకి రామాయణంలో ఆమె రాముణ్ని చూసి తనే పెళ్లి చేసుకోమని అడుగుతుంది. రాముడు పరిహాసంగా తమ్ముడి దగ్గరికి పంపిస్తాడు, తమ్ముడు మళ్లీ అన్న దగ్గరికే పంపిస్తాడు. అది జోక్ అని ఆమెకి అర్థం కాదు. సీతే అడ్డం అనుకుని ఆమె మీదికి దూకుతుంది. లక్ష్మణుడు కత్తి తీసింది అప్పుడు. కాబట్టి "ప్రేమించిన పాపానికి ముక్కు కోశారు" అనే రీల్స్ సగం కథే చెప్తున్నాయి.

సరే, దాడికే శిక్ష అనుకుందాం. మరి చెయ్యో కాలో కాకుండా ముక్కు, చెవులే ఎందుకు?

కౌటిల్యుడి అర్థశాస్త్రం 4వ అధికరణం తీయండి. భర్త ఊళ్లో లేనప్పుడు భార్య ఇంకొకరితో సంబంధం పెట్టుకుంటే ఏం చేయాలో అందులో ఉంది. భర్త వచ్చి క్షమిస్తే ఇద్దర్నీ వదిలేయాలి. క్షమించకపోతే ఆమెకి ముక్కు, చెవులు కోయాలి, అతన్ని చంపాలి. అంటే అది దాడి చేసినవాళ్లకి వేసే శిక్ష కాదు, "గీత దాటిన" ఆడదానికి వేసే శిక్ష! మన దగ్గరే అనుకోకండి. ఇప్పటి ఇరాక్‌లో దొరికిన, 3000 ఏళ్ల పైబడిన అసీరియా చట్టాల పలకల్లో కూడా, తప్పు చేసిన భార్య ముక్కు కోసే హక్కు మొగుడికి ఉంది. కౌటిల్యుడి శిక్షలో మగవాడైతే చచ్చి కథ ముగుస్తుంది. ఆడదైతే ఆ ముఖంతోనే బతకాలి, ఊరంతా చూడాలి.

డౌటా? ప్రచారంలో ఉన్న వాల్మీకి పాఠంలో అరణ్యకాండ 69వ సర్గ చదవండి. అక్కడ అయోముఖి అనే ఇంకో రాక్షసి ఉంది. ఆమె గురించి ఎవరూ మాట్లాడరు. లక్ష్మణుణ్ని గట్టిగా కౌగిలించుకుని, నాతో ఉండు అంటుంది. అడక్కుండా పట్టుకోవడం తప్పే, నో డౌట్. కానీ అక్కడ సీత మీద దాడేమీ లేదు, అప్పటికే సీతని రావణుడు ఎత్తుకుపోయాడు. అయినా అదే శిక్ష: చెవులు, ముక్కు, పైగా స్తనం కూడా.

వాల్మీకి శూర్పణఖని వికారంగా, ముసలిదానిలా చూపిస్తాడు. తర్వాత తమిళంలో కంబన్ రాసేసరికి ఆమె అందగత్తె వేషంలో వస్తుంది. నాకు ఇదే ఎక్కువ భయంగా అనిపిస్తుంది. వికారంగా ఉంటే దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అందంగా ఉండి, తనే వచ్చి అడిగితే? ఇక ప్రతి అమ్మాయి మీదా అనుమానమే కదా!

తెలుగులో ఓల్గా "విముక్త" కథల్లో ఈ ముక్కు తెగిన తర్వాతి జీవితం ఉంది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. అందులో సీత వెళ్లి శూర్పణఖని కలుస్తుంది. ఆమె అప్పటికి ఒక పూలతోట పెంచుకుంటూ ఉంటుంది.