శుశ్రూషకు తూనిక: ఉప్పల్, నాచారం ప్రాంత వృద్ధనివాసాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు 1960 తర్వాత ప్రయోగశాలలతోను, కర్మాగారాలతోను పెరిగాయి. ఆనాడు ఉద్యోగాలలో చేరిన తరం నేడు వృద్ధాప్యంలో ఉంది. ఆ తరానికి ఆశ్రయమిస్తున్న వృద్ధనివాసాలలో సేవానాణ్యతను నిర్ణయించే కొలమానాలు ఏవి, అవి ఎక్కడినుండి వచ్చాయి, తెలుగు మాట్లాడే వృద్ధుల విషయంలో ఎంతవరకు చాలుతాయి అనే అంశాలను ఈ వ్యాసం చట్టచరిత్ర, పదచరిత్రల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వృద్ధనివాసం, శుశ్రూష, ఉప్పల్, నాచారం, 2007 చట్టం, నొప్పి పదజాలం.

1. రెండు వృద్ధాప్యాలు

ఉప్పల్ రహదారి వెంట జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో ఏర్పడింది. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాశాల, హబ్సిగూడలోని సి.సి.ఎం.బి., ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయాలు కలిసి ఈ దారిని ప్రభుత్వ శాస్త్రవేత్తల, సాంకేతిక సిబ్బంది నివాసమార్గంగా మార్చాయి. దీనికి ఆనుకొనే నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు పెరిగాయి. కార్మికుల కోసం నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వచ్చింది. వరంగల్లు, నల్లగొండ వైపు పల్లెలనుండి వచ్చినవారికి నగరంలో మొదట తగిలేది ఉప్పలే కనుక, పనికోసం వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో మహానగరపాలక సంస్థలో విలీనమయ్యేనాటికి ఈ మొదటితరం ఉద్యోగవిరమణ దశకు చేరుకొంది.

ఒకే వీధిలో నివసించినా ఈ తరానికి దక్కిన వృద్ధాప్యం ఒక్కటి కాదు. కేంద్రసంస్థలో పనిచేసి విరమించినవారికి క్రమంగా పెరిగే పింఛను, వైద్యసదుపాయం ఉన్నాయి. కర్మాగారంలో జీవితకాలం పనిచేసినవారికి ఉన్నది 1995 నవంబరులో అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. అందులో కనీస పింఛను 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. అసంఘటిత రంగంలో పనిచేసినవారికి రాష్ట్రప్రభుత్వపు ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. అంటే చందా కట్టిన కార్మికుని కనీస పింఛను చందా కట్టనివారి పింఛనులో సగమైనా లేదు. కార్మికునికి మిగిలిన మేలు ఒక్కటి. అయిదేళ్లకు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ. బీమాలో ఉండి విరమించినవారు ఏడాదికి 120 రూపాయలు చెల్లించి భార్యాభర్తలిద్దరికీ వైద్యం పొందవచ్చు. నాచారం వృద్ధుల ఆరోగ్యచరిత్ర రాయదలచినవారు ఈ 120 రూపాయల సంగతిని విస్మరించరాదు.

సంతానం దూరం కావడానికి విదేశీవలస ఒక్కటే కారణం కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత నగరపు కొత్త ఉద్యోగాలు పడమటి కొసకు చేరాయి. ఉప్పల్ తూర్పు కొస. నాగోలునుండి ఉప్పల్ మీదుగా మెట్రోరైలు 2017 నవంబరులో మొదలైనా, హైటెక్ సిటీకి చేరడానికి 2019 మార్చి వరకు పట్టింది. అదే నగరంలో ఉన్న కొడుకు కూడా వారానికొకసారి వచ్చే చుట్టమయ్యాడు. వృద్ధనివాసాలకు గిరాకీని అమెరికా ఎంత పెంచిందో మాదాపూరు కూడా అంత పెంచిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

2. పేర్లలోని వాగ్దానాలు

ఈ సంస్థల పేర్లు కాలంతోపాటు మారుతూ వచ్చాయి. ధర్మసంస్థలు నడిపినవాటికి అనాథాశ్రమం పద్ధతిలో వృద్ధాశ్రమం అనే పేరు స్థిరపడింది. ఆశ్రమశబ్దం దాతృత్వాన్ని సూచిస్తుంది. పొందేవాడు ఋణపడి ఉంటాడు, ఫిర్యాదు చేయడు. తర్వాత వచ్చిన వానప్రస్థం అనే పేరు ఇంటిని వదలడాన్ని స్వచ్ఛందనిర్ణయంగా చూపింది. శాస్త్రాలలో వానప్రస్థాన్ని గృహస్థుడే ఎంచుకుంటాడు. ఆస్తి పంపకాల తర్వాత కుటుంబసభ్యులు ఎంచిన గదికి ఆ పేరు పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది, అది వృద్ధుని సౌకర్యం మాత్రం కాదు. ఇటీవలి సీనియర్ లివింగ్ అనే మాట స్థిరాస్తి వ్యాపారంనుండి వచ్చింది. ఇందులో వృద్ధుడు వినియోగదారుడు. అతడు ఫిర్యాదు చేయవచ్చు, అయితే ఆ ఫిర్యాదు లిఫ్టు గురించైతే వినేవారు ఎక్కువ, రాత్రిపూట ఎవరూ పలకలేదన్నదైతే తక్కువ.

సేవను తెలిపే మాటలలోనూ తేడా గమనించదగినది. 2007 చట్టం పేరులోని ఆంగ్లపదానికి తెలుగులో పోషణ అని వాడుక. పోషణకు అన్నవస్త్రాలు చాలు. సంరక్షణ ఆపదనుండి కాపాడడం. శుశ్రూష అనే మాట శ్రు ధాతువునుండి పుట్టింది. వినాలనే కోరిక అని దాని మూలార్థం. గురువు మాట వినగోరే శిష్యుని వినయంనుండి అది సేవ అనే అర్థానికి, ఆధునికకాలంలో రోగిసేవకు విస్తరించింది. చట్టం పోషణ దగ్గర ఆగింది. నాణ్యతను తూచవలసివచ్చినప్పుడు మిగిలిన రెండు మాటలూ అవసరమవుతాయి.

3. చట్టం కొలిచినది, కొలవనిది

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో నియమాలను రూపొందించింది. చట్టంలోని 19వ సెక్షను ప్రకారం రాష్ట్రప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక్కటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా ఏర్పాటు చేయవచ్చు. ఈ వాక్యపు బరువంతా ‘చేయవచ్చు’ అనే క్రియమీద ఉంది. ‘చేయవలెను’ అని ఉంటే గత పదిహేనేళ్ల చరిత్ర వేరుగా ఉండేది. ఈ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు ఒక్కొక్కరికి పడకగదిలో కనీసం 7.5 చదరపు మీటర్లు, అన్నీ కలిపి 12 చదరపు మీటర్లు ఉండాలన్నాయి. అయితే ఈ కొలతలు నిరుపేదల ఆశ్రమాలకు ఉద్దేశించినవి. రుసుము తీసుకొని అద్దె ఇంటిలో నడిపే ప్రైవేటు నివాసం వీటికి లోబడదు. ఉప్పల్, నాచారం కాలనీలలో సామాన్యులకు అందుబాటులో ఉండేవి ఎక్కువగా ఇటువంటివే. రెండంతస్తుల ఇల్లు, నిటారు మెట్లు, కుటుంబం కోసం కట్టిన ఇరుకు స్నానాలగదులు వీటి సాధారణ లక్షణాలు.

చట్టం కింది ట్రిబ్యునలు సంతానంమీద వచ్చే ఫిర్యాదును వింటుంది. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణవ్యయం ఇప్పించగలదు. వృద్ధుడు నివసించే సంస్థమీద ఫిర్యాదు దాని పరిధిలోకి రాదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు వృద్ధసంరక్షణ గృహాల నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. 2024లో 17వ లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. అదే 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ విశ్రాంతగృహాలకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి రాష్ట్రాలు స్వీకరిస్తేనే పనిచేస్తాయి. స్థిరాస్తి నియంత్రణ చట్టం కట్టడాన్ని చూస్తుంది, కట్టడంలోని మనిషిని చూడదు. ఆశ్చర్యకరంగా ఈ విషయంలో ఒక స్పష్టమైన సంఖ్య పన్నుల చట్టంలో దొరుకుతుంది. నమోదైన ధార్మికసంస్థ అరవయ్యేళ్లు దాటినవారికి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకొని వసతి, భోజనం కల్పిస్తే 2018నుండి వస్తుసేవల పన్ను లేదు. ధర్మానికి, వ్యాపారానికి నడుమ గీత ఎక్కడుందో పన్నులశాఖ తేల్చింది. మంచి సేవకు, చెడ్డ సేవకు నడుమ గీతను ఏ శాఖా గీయలేదు.

ఈ లోపం ఎంతటిదో 2020 జనవరిలో బయటపడింది. ఉప్పల్ ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, కీసర సమీపంలోని నాగారంలో ఒక ఆశ్రమంనుండి పదులసంఖ్యలో వృద్ధులను, మానసిక రోగులను రాచకొండ పోలీసులు బయటికి తీసుకువచ్చారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారని, ఇరుకుగదులలో కుక్కారని పత్రికలు రాశాయి. ఇరుగుపొరుగు కేకలు విని చెప్పేవరకు లోపలి స్థితిని క్రమం తప్పకుండా చూసే వ్యవస్థ లేకపోవడం ఇక్కడ ప్రధానాంశం. అక్కడివారిలో చాలామందిని చేర్పించింది రుసుము చెల్లించిన కుటుంబాలే అన్నది మరింత ఆలోచింపజేసే విషయం. ఆ కుటుంబాలు చూడగలిగింది ముందుగది. ఆ తర్వాత రెండు నెలలకే కోవిడ్ వచ్చి, ముందుగది తలుపులు కూడా మూసింది.

4. తూనికరాళ్లు

సంస్థాగత వృద్ధసేవను పద్ధతిగా తూచిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం ఇంగ్లండులో జరిగింది. సమాజశాస్త్రవేత్త పీటర్ టౌన్సెండ్ ఇంగ్లండు, వేల్సులలోని 173 వృద్ధగృహాలను స్వయంగా చూసి 1962లో ‘ది లాస్ట్ రెఫ్యూజ్’ వెలువరించాడు. భవనం, సిబ్బంది సరే, రోజువారీ స్వేచ్ఛ, చేయడానికి ఏదైనా పని ఉందా లేదా అనేవి కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. మరుసటి ఏడు అమెరికాలో సిడ్నీ కాట్జ్ బృందం స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వాడకం, లేచి కదలడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనులతో ఒక సూచికను ఇచ్చింది. 1966లో అవెడిస్ డొనబేడియన్ వైద్యసేవానాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాలుగా విభజించాడు. నేటికీ ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఈ విభజననే.

నాచారం సందర్భంలో ఈ మూడింటిని అన్వయించినప్పుడు నిర్మాణం సులభంగా కనిపిస్తుంది: మంచాలు, ర్యాంపు, ఆమ్లజని సిలిండరు. చేర్చడానికి వచ్చిన కుటుంబానికి చూపించేది ఇదే. ప్రక్రియను చూడాలంటే పగటిపూట ఎంతమంది ఆయాలున్నారని కాక రాత్రి రెండుగంటలకు ఎంతమంది మెలకువగా ఉన్నారని అడగాలి. సాయంత్రం ఏడుగంటల అన్నానికి, మర్నాటి ఉదయపు టిఫినుకు మధ్య మధుమేహరోగికి ఏమిస్తున్నారని అడగాలి. నడవగలిగినవారికి కూడా డైపరు తొడుగుతున్నారా అన్నది మరింత కఠినమైన ప్రశ్న. మరుగుదొడ్డికి చేయిపట్టి తీసుకువెళ్లడంకంటె డైపరు మార్చడం సిబ్బందికి తేలిక. కొద్ది నెలలలో ఆ వ్యక్తి నిజంగానే నడక మరచిపోతాడు. అప్పుడు కాట్జ్ సూచికలో సున్నా పడుతుంది, దానిని వయసు ఖాతాలో వేస్తారు.

ఫలితానికి తిరుగులేని సాక్ష్యం వీపుమీద ఉంటుంది. మంచంపట్టినవారిని రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పడం చిరకాలంగా వస్తున్న నర్సింగు సంప్రదాయం. దానిని పాటించకపోతే నడుము కింద, మడమలమీద ఒరుపుపుండ్లు పడతాయి. ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించే కుటుంబానికి అవి కనపడవు.

5. నొప్పికి తెలుగు

విదేశీ కొలమానాలు ఇక్కడ చాలకపోయే చోటు ఒకటి ఉంది. అది భాష. 1975లో రోనాల్డ్ మెల్జాక్ ప్రకటించిన మెక్‌గిల్ ప్రశ్నావళి రోగులు నొప్పిని వర్ణించే విశేషణాలను వర్గీకరించి, వాటినుండి నొప్పి స్వభావాన్ని పసిగట్టవచ్చని చూపింది. తెలుగుకు ఈ విషయంలో లోటు లేదు. సలుపు, పోటు, మంట, తీపు, తిమ్మిరి, పీకుడు అన్నవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. పుండు సలుపుతుంది, పంటికి పోటు వస్తుంది, కాళ్లు తీపులు తీస్తాయి. నల్లగొండ, వరంగల్లు పల్లెలనుండి వచ్చిన ఉప్పల్ వృద్ధురాలు కాళ్లు గుంజుతున్నయంటుంది, పానం మంచిగ లేదంటుంది. రెండో మాటలో నీరసంనుండి గుండెపోటు ముందరి అస్వస్థత వరకు ఏదైనా ఉండవచ్చు. చెప్పినామెను ఎరిగినవారే దాని అంతరార్థం పట్టగలరు. ఆయా వేరే భాషామనిషి అయితే, లేదా ఏజెన్సీ నెలకొకరిని మారుస్తుంటే, సేవాపుస్తకంలో ఈ మాటలన్నీ ‘పెయిన్’ అనే ఒక్క మాటగా, లేదా ఏమీ లేకుండా మిగులుతాయి. ఒక నివాసంలో సిబ్బంది ఎంతకాలం నిలకడగా ఉంటున్నారన్న లెక్క ఈ కారణంగా భాషాసంబంధమైన లెక్క కూడా.

మతిమరుపు వ్యాధి ముదిరినప్పుడు సమస్య జటిలమవుతుంది. తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోయి తొలిభాష మిగలడం ద్విభాషులలో పరిశోధకులు గమనించిన విషయం. ఉద్యోగమంతా ఆంగ్లంలో చేసిన శాస్త్రవేత్త చిన్ననాటి మాండలికానికి చేరవచ్చు. ఆ మాటలు కూడా పోయినవారికోసం 2003లో వచ్చిన పెయినాడ్ కొలమానం శ్వాస, మూలుగు, ముఖకవళిక, దేహస్థితి, ఓదారుస్తే నెమ్మదించడం అనే అయిదింటిని చూసి పదికి అంకె వేస్తుంది. అయిదు నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు, యంత్రం అక్కరలేదు. తెలంగాణ, కోస్తా, రాయలసీమ మాండలికాలలోని నొప్పిపదాలను సేకరించి, మెక్‌గిల్ పద్ధతిలో వర్గీకరించి, ఆయాలకు నేర్పదగిన చిన్న పుస్తకంగా తేవడం తెలుగుశాఖలు చేపట్టదగిన పని. మాండలిక వృత్తిపదకోశాలు తెచ్చిన భాషకు ఇది కొత్త పని కాదు.

6. నమోదు పుస్తకం

వయోవృద్ధుల సహాయకేంద్రం 14567 మొదట హైదరాబాదులోనే టాటా ట్రస్టుల, విజయవాహిని సంస్థ పూనికతో మొదలై, 2021లో జాతీయస్థాయికి విస్తరించింది. ఫోను చేయగలిగినవారికి అది ఉపకరిస్తుంది. ఫోను చేయలేనివారి పక్షాన మాట్లాడగలిగింది సంస్థ రాసుకునే పుస్తకమే. ఎవరు ఎప్పుడు పడిపోయారు, ఎవరి బరువు ఎంత తగ్గింది, ఎవరిని ఆసుపత్రికి తరలించారు, తిరిగి వచ్చారా అన్న వివరాలు అందులో ఉండాలి. ఇక్కడ చూసేవారు పొరబడే అవకాశం ఉంది. ఏడాదిలో ఇరవైసార్లు పడిపోయినట్లు రాసుకున్న నివాసంకంటె ఒక్కసారీ పడలేదని చెప్పే నివాసం మేలైనదిగా తోస్తుంది. ముప్పైమంది వృద్ధులున్న ఇంట ఏడాదిపాటు ఎవరూ పడకపోవడానికి కారణాలు రెండే. వారిని మంచాలనుండి లేవనివ్వకపోవడం ఒకటి, పడినప్పుడు రాయకపోవడం రెండవది. చేర్చడానికి వచ్చిన కుటుంబం గదుల తర్వాత అడిగి చూడవలసింది ఆ పుస్తకాన్ని. దానిలో కొట్టివేతలు, వేర్వేరు చేతిరాతలు, అర్ధరాత్రి వేళలు ఉన్నాయా లేక నెలాఖరున ఒకే కలంతో ఒకే చేయి నింపినట్లుందా అన్నది పుటలు తిరగేస్తేనే తెలిసిపోతుంది.