జస్‌దేవ్ సింగ్ కంఠం
కౌలాలంపూరులో 1975 మార్చి 15న ప్రపంచ హాకీ కప్పు తుది పోటీ. పాకిస్తాను ముందు గోలు చేసింది. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. పిదప ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి స్తంభానికి తగిలి వెనుకకు వచ్చింది. గోలు కాదని పాకిస్తాను ఆటగాళ్లు వాదించారు. అంపైరు గోలే అన్నాడు. చూచినవారే తగవులాడిన ఆ క్షణాన, రేడియో ముందున్నవారికి జస్‌దేవ్ సింగ్ కంఠమే కన్ను.

1948లో గాంధీజీ అంతిమయాత్రపై మెల్విల్ డిమెల్లో వ్యాఖ్యానం విని ఆయన ఈ వృత్తిని కోరుకున్నారు. 1955లో జైపూరు ఆకాశవాణిలో చేరారు. భాష హిందీ, అయినా బంతి గోలును సమీపించినదని తెలుగు ఇళ్లకు ఆ స్వరోద్వేగమే చెప్పేది. వేగంగా పలకడం కష్టం కాదని మైక్రోఫోను ముందు కూర్చునే మాకు తెలుసు; బంతిని దాటిపోకుండ పలకడమే కష్టం.

ఆనాడు భారతం 2–1తో గెలిచింది. 2018లో ఆయన కన్నుమూసే నాటికి మరొక ప్రపంచ కప్పు రాలేదు.