చన్నీళ్ల తొట్టి, లేజర్ వెలుగు

ఆటగాళ్ల ఫిజియోథెరపీ గదుల్లో ఇప్పుడు రెండు చికిత్సలు పక్కపక్కనే చేరాయి. ఒకటి మంచుముక్కలు వేసిన నీళ్లతొట్టి, రెండోది కండరానికి ఆనించే లేజర్ పరికరం. అలసిన ఒళ్లు త్వరగా కోలుకోవాలంటే ఒకదాని వెంట మరొకటి చేయించుకోవాలన్న ప్రచారమూ పెరిగింది. రెండు మంచివి కలిస్తే రెట్టింపు మేలు జరుగుతుందన్నది దాని వెనకున్న నమ్మకం. వీటి చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలిచేలా లేదు. రెండూ వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి, శరీరంలో వేర్వేరు పనులు చేస్తాయి. ఎప్పుడు, ఎంతసేపు అన్న ప్రశ్నను పక్కన పెట్టినప్పుడల్లా రెండూ దారి తప్పాయి.

చన్నీటిని పద్ధతి ప్రకారం పరీక్షించినవారిలో లివర్‌పూల్ వైద్యుడు జేమ్స్ కరీ ముందువరసలో ఉంటాడు. జ్వరపీడితుల మీద చన్నీళ్లు కుమ్మరించి, థర్మామీటరుతో వేడిని కొలిచి, ఆ వివరాలన్నీ 1797లో పుస్తకంగా అచ్చు వేయించాడు. జ్వరం బాగా పెరిగి ఉన్నప్పుడే నీళ్లు పోయాలనీ, రోగి వణుకుతున్నప్పుడో చెమటలు కారుతున్నప్పుడో పోయకూడదనీ అతను పట్టుబట్టాడు. నా దృష్టిలో నీటివైద్యం మొత్తానికీ అదే విలువైన పాఠం. తర్వాతి తరంలో ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియాలో విన్సెంట్ ప్రీస్నిట్జ్ అనే రైతు ఈ వైద్యానికి ఎక్కడలేని పేరు తెచ్చాడు. కుర్రతనంలో బండి మీదుగా వెళ్లి పక్కటెముకలు విరిగితే తడిగుడ్డల కట్లతోనే కోలుకున్నాడు, ఆ అనుభవమే అతని చదువు. 1830ల చివరికి అతని ఊరు గ్రాఫెన్‌బర్గ్‌కు ఏడాదికి వెయ్యి మందికి పైగా రోగులు వచ్చేవారు. అక్కడ చన్నీళ్లు ఒంటరిగా వాడిన మందు కాదు. తడిదుప్పట్లలో చుట్టి చెమట పట్టించడం, ఆపైన కాసేపు చన్నీటి మునక, ఆ తర్వాత కొండదారుల్లో నడక, కట్టెలు కొట్టడం. బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అనే చర్చి పాద్రీ కూడా, 1886లో వెలువడిన తన పుస్తకంలో, చన్నీరు తగిలాక ఒళ్లు మళ్లీ వేడెక్కేదాకా కదలమనే చెప్పాడు. చలి వాళ్లకు ఒక క్షణికమైన అదిలింపు. అసలు మేలు ఆ తర్వాత పుట్టే వెచ్చదనంలో ఉందని వాళ్ల లెక్క.

ఈ ఆలోచన మన దగ్గరికి త్వరగానే చేరింది. లైప్‌జిగ్‌కు చెందిన నీటివైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. భారతదేశంలో ప్రకృతివైద్య ఉద్యమానికి ఆ అనువాదాన్నే ఆరంభంగా చెబుతారు. కూనే తొట్టిస్నానాలను గాంధీ కూడా ఆచరించాడు. అయితే ఇదంతా దీర్ఘరోగాలకు చేసిన వైద్యం. వ్యాయామం చేసి అలసిన కండరాన్ని గురించి వీరెవరూ పెద్దగా ఆలోచించలేదు.

ఆటల్లోకి చలి వచ్చింది వేరే దారిలో. అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో రాసిన పుస్తకం దెబ్బ తగిలిన చోట విశ్రాంతి, మంచు, బిగుతు కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలకు ప్రచారం తెచ్చింది. దశాబ్దాల పాటు అది ప్రతి మైదానంలోనూ వేదవాక్కు. 2014లో ఆయనే మంచు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని బహిరంగంగా చెప్పాడు. వాపు కూడా మరమ్మతులో భాగమే, దాన్ని అణిచేస్తే మరమ్మతూ కుంటుపడుతుంది. మరుసటి ఏడాది వెలువడిన ఒక అధ్యయనం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. 12 వారాల పాటు బరువులెత్తి, ప్రతిసారీ 10 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు కూర్చున్నవారికి, తేలికపాటి వ్యాయామంతో సేదతీరినవారి కంటే కండా బలమూ తక్కువగా పెరిగాయి. నొప్పి తగ్గడం అబద్ధం కాదు. 17 చిన్న ప్రయోగాలను కలిపి చూసిన 2012 నాటి కోక్రేన్ సమీక్ష, ఊరికే కూర్చోవడంతో పోలిస్తే చన్నీటి మునక వల్ల కండరాల నొప్పి తగ్గుతుందనే తేల్చింది. కానీ నొప్పి తగ్గడం వేరు, కండరం బలపడడం వేరు. ఆ తేడాను చెరిపేయడం వల్లే ఇంత గందరగోళం.

లేజర్ కథ ఒక విఫలయత్నంతో మొదలైంది. కాంతితో వైద్యం అప్పటికే ఉంది. చర్మక్షయకు కాంతిచికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాక, దానితో కణితులను కాల్చవచ్చని అమెరికాలో కొందరు ప్రయత్నించారు. బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు కూడా 1960ల నడుమ అదే చేయబోయాడు. అతని పరికరం శక్తి చాలనిది. కణితి సంగతి అటుంచితే, బొచ్చు గొరిగిన ఎలుకల వీపుల మీద, కాంతి పడినచోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. యంత్రం బలహీనత వల్లనే ఈ సంగతి బయటపడింది. మెస్టర్ దాన్ని పొరపాటుగా కొట్టిపారేయలేదు, మానని పుండ్ల మీద ప్రయోగించి చూశాడు. ఎరుపు, పరారుణ కాంతిని కణంలోని మైటోకాండ్రియా గ్రహించి శక్తి ఉత్పత్తిని పెంచుతుందన్న వివరణ తర్వాత టీనా కారూ వంటి పరిశోధకుల కృషితో బలపడింది. ఇక్కడా మోతాదే కీలకం. కొద్దిపాటి కాంతి ఉత్తేజపరుస్తుంది, మితిమీరితే అదే కణాన్ని అణిచేస్తుంది.

చలి రక్తనాళాలను కుదించి, నరాల వేగాన్నీ కణాల పనినీ తగ్గిస్తుంది. కాంతి ఆ పనినే పెంచాలని చూస్తుంది. ఈ రెంటినీ వెంటవెంటనే ఇవ్వడాన్ని సమర్థించేవారి దగ్గర ఒక గట్టి వాదన ఉంది. చల్లబడిన చర్మంలో రక్తం తగ్గుతుంది, కాంతిని మింగే రక్తం తగ్గితే కిరణం లోతుకు చేరుతుంది అంటారు. భౌతికశాస్త్రం ప్రకారం అందులో అర్థముంది. కానీ కాంతి చేరడం ఒకటి, చల్లబడిన కణం దానికి స్పందించడం మరొకటి. 2016లో బ్రెజిల్ పరిశోధకులు 50 మంది పురుషులకు కాంతి ఒక్కటి, చలి ఒక్కటి, రెండూ అటూ ఇటూ క్రమం మార్చి, ఉత్తుత్తి చికిత్స ఇలా ఐదు రకాలుగా ఇచ్చి చూశారు. కాంతి ఒక్కటే ఇచ్చినవారిలో ఫలితం అన్నిటికన్నా మెరుగ్గా ఉంది. చిన్న ప్రయోగమే, దాన్నే తుదితీర్పు అనలేం. అయినా రెట్టింపు మేలన్న ప్రచారం చేసేవాళ్లు దీనికి జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

ఆటగాడికి హాయిగా ఉందంటే చాలదా అని అడగవచ్చు. రేపే మరో మ్యాచ్ ఉన్నవాడికి చాలు. టోర్నమెంటు నడుమ కండ పెరగడం కంటే ఇవాళ్టి నొప్పి తగ్గడమే ముఖ్యం, అక్కడ తొట్టికి న్యాయమైన చోటుంది. ఆరునెలల శిక్షణలో బలం పెంచుకుంటున్న కుర్రవాడికి ప్రతి సాయంత్రం అదే తొట్టి చూపించడం మాత్రం అతని శ్రమ ఫలితాన్ని తగ్గించే పని. లేజర్ వాడదలిస్తే ఎన్ని జౌల్స్, ఏ తరంగదైర్ఘ్యం, వ్యాయామానికి ముందా తర్వాతా అన్నవి అడగాలి. ఆ వివరాలు చెప్పలేని చోట, దాన్ని చన్నీటితో కలిపి అమ్మే ప్యాకేజీకి డబ్బు కట్టనవసరం లేదు.